ఎంతల్ల?

ఫిర్యాదు రాసే పని త్రివేణికే పడింది. సత్సంగం కమిటీకి ఆమె కార్యదర్శి. పైగా నవీపేట్ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె రాత గుండ్రంగా ఉంటుందని, కొట్టివేతలు ఉండవని అందరికీ నమ్మకం.

"పోలీసులకిచ్చే కాయితం మేడం, జర పద్ధతిగ రాయుండ్రి," అన్నాడు ఎర్రన్న. రామ్‌దాస్ బాపు పోయాక కమిటీకి అధ్యక్షుడైంది ఆయనే. బోధన్ దిక్కు చెరుకు తోటలున్న మనిషి. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. "భూమేష్ పేరు మాత్రం మర్సిపోకుండ్రి."

ఆమె మరిచిపోలేదు. బడి వదిలాక స్టాఫ్ రూములో కూర్చుని రాసింది. సత్సంగం పెట్టెలో దాచుకున్న హన్మవ్వ గారి రూ. 4,00,000, అక్షరాలా నాలుగు లక్షల రూపాయలు, కనిపించడం లేదు. పెట్టె తాళం చెవి కీర్తిశేషులు రామ్‌దాస్ గారి మేనల్లుడు భూమేష్ వద్ద ఉండేది. అడిగితే అతడు సరైన జవాబు ఇవ్వడం లేదు.

రాసింది రెండుసార్లు చదువుకుంది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. నిజాలతోనే ఒక మనిషిని దొంగను చేయవచ్చని ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది.

ఎందుకంటే ఆ నాలుగు లక్షలు ఎక్కడికి పోయాయో ఇద్దరికి తెలుసు. ఒకరు భూమేష్. రెండో మనిషి ఆ కాగితం రాసిన త్రివేణి.

*

రామ్‌దాస్ బాపు ఒకప్పుడు దళారి. మొదట ఎడ్ల సంతల్లో బేరాలు కుదిర్చేవాడు, తరువాత నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు. ఎడ్ల బేరం నోటితో జరగదు. భుజం మీది రుమాలు తీసి చేతుల మీద కప్పుకుంటారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. నాలుగు వేళ్లు పడితే నాలుగు. చుట్టూ ఎంతమంది నిలబడి చూసినా ధర ఎవరికీ తెలియదు. అయితే నాలుగంటే నాలుగు ఏమిటి? వందలా, వేలా? అది మాత్రం పైకి చెప్పాల్సిందే. అందుకే చెయ్యి పట్టగానే మొదట వచ్చే మాట, "ఎంతల్ల?"

"వేలల్ల," అంటాడు అవతలివాడు. అప్పుడు మొదలవుతుంది బేరం.

భార్య పోయాక ఆయన దలాలీ వదిలేశాడు. బోధన్ రోడ్డులో నిజాంసాగర్ కాలువ పక్కన రేకుల షెడ్డు వేసి గురువారం గురువారం భజన, భోజనం పెట్టాడు. వదలనిది ఒక్క రుమాలే. భజన అయ్యాక చాప మీద కూర్చుని రుమాలు పరిచేవాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే దాని కింద చెయ్యి పెట్టేవాళ్లు. కొందరు ఇచ్చేవాళ్లు, కొందరు అడిగేవాళ్లు. ఎవరు ఇచ్చారో, ఎవరు అడిగారో బాపుకు తప్ప తెలియదు.

"ఇచ్చెటోనికి గొప్ప వద్దు, అడిగెటోనికి సిగ్గు వద్దు," అనేవాడు.

అంత చిన్న మాట చాలామందిని కూడగట్టింది. చెరుకు కొట్టేవాళ్లు, యార్డు హమాలీలు, దుకాణదారులు, ధర్మాబాద్ నుంచి మరాఠీ మాట్లాడే రైతులు కూడా వచ్చేవాళ్లు. జనం నోట్లో అది రుమాలు సత్సంగం అయింది. బియ్యం, పప్పు, కరెంటు బిల్లు, పైకి కనిపించే ఖర్చంతా త్రివేణి రాసేది. రుమాలు కిందిది బాపు చేతిలోనే ఉండేది.

ఒకసారి ఆమే అడిగింది, "దానికి గూడ ఒక పుస్తకం వెడ్దామా బాపూ?" అని.

"పుస్తకం వెడితె ఇచ్చెటోడు ఎక్కువొస్తడు బిడ్డా, అడిగెటోడు రాడు," అని నవ్వాడు బాపు.

అప్పుడు ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందో! ఇంటికి వచ్చి వేణుకు కూడా చెప్పింది.

*

వేణు ఆమె భర్త. నిజామాబాద్‌లో మోటార్లకు వైండింగ్ చేసే చిన్న దుకాణం. రాగి తీగ చుట్టీ చుట్టీ వేళ్ల చివర్లు గట్టిపడిపోయిన మనిషి. కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ నడుస్తుండగానే ఒంట్లో చీము పట్టి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. వాళ్లు నలభై వేలు కట్టమన్నారు. జీపీఎఫ్ అప్పటికే తీసేసింది. సొసైటీలో అప్పు ఉంది. బంగారం బ్యాంకులో ఉంది.

ఆ గురువారం వరుసలో ఆమె కూడా నిలబడింది. అన్నేళ్లలో అడగడానికి చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. రుమాలు కింద బాపు చెయ్యి వెచ్చగా, బరువు లేకుండా ఉంది. ఆమె నాలుగు వేళ్లు పట్టుకుంది.

"ఎంతల్ల బిడ్డా?" అన్నాడు బాపు.

పదివేలల్ల అనాలి. నోరు తెరిచింది. మాటకు బదులు ఏడుపు వచ్చింది. బాపు ఇంకోసారి అడగలేదు. చెయ్యి గట్టిగా నొక్కి వదిలేశాడు. వెనకాల చాపలు చుడుతున్న భూమేష్ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

మరునాడు భూమేష్ స్కూటీ మీద ఆసుపత్రికి వచ్చాడు. "బాపు పంపిండక్కా," అని గుడ్డసంచి చేతిలో పెట్టి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మెట్ల మలుపులో నిలబడి ఆమె సంచి విప్పింది. లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. నాలుగు లక్షలు.

బడిలో పిల్లలెవరైనా జవాబు పక్కన రూపాయలనో మీటర్లనో రాయకపోతే ఆమె సగం మార్కు కోసేది. "నాలుగంటే నాలుగేంది? మేకలా, మామిడికాయలా?" అనేది. క్లాసంతా నవ్వేది. ఆ మెట్ల మీద ఆమెకు ఆ నవ్వు వినిపించింది.

బాపుకు ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ఫోన్ చేతిలోనే ఉంది. చేయలేదు. బాపు పొరపడతాడా అనుకుంది. నేను అడిగింది కాదు, వేణుకు కావలసింది చూసి పంపాడు అనుకుంది. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందంటే, ఇక వేరే ఆలోచన పెట్టుకోలేదు.

ఆ డబ్బే లేకపోతే వేణు నిజామాబాద్‌లోనే ఉండేవాడు. ఉంది కాబట్టి హైదరాబాద్ పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయింది. అంబులెన్సు బయలుదేరినప్పుడు అతడు కళ్లు తెరిచి, "ఇంటికి పోదాం. ఇంటికేనా?" అని అడిగాడు.

"ఆ, ఇంటికే," అంది త్రివేణి.

ఇంటికి వచ్చింది శవమే. డబ్బు అక్కడే అయిపోయింది. చివరి రోజుల్లో అతని ముఖం గాజు తలుపు అవతలి నుంచి చూడటమే తప్ప, ఆ గట్టిపడిన వేళ్లు పట్టుకునే వీలు కూడా ఆమెకు దొరకలేదు.

దినాలయ్యాక బాపు ఇంటికి వచ్చాడు. అప్పటికే దగ్గు పట్టుకుంది ఆయనకు. గుమ్మంలోనే కూర్చున్నాడు.

"సరిపోయినయా బిడ్డా?" అని అడిగాడు.

"సరిపోయినయ్ బాపూ."

ఆయన తల మీద చెయ్యి పెట్టి లేచాడు. పొరపాటున పంపాడో, తెలిసే పంపాడో ఆ ఒక్క క్షణంలో అడిగి తెలుసుకోవచ్చు. అడగలేదు. నెల తిరగకుండా బాపు కూడా పోయాడు.

*

బాపు కర్మలన్నీ అయ్యాక హన్మవ్వ వచ్చింది. కాలువ కింద అర ఎకరం అమ్మి, స్లాబు వేసిన ఒక గది కట్టుకుందామని ఆ డబ్బు బాపు దగ్గర దాచింది. ఇంట్లో పెడితే అల్లుడు లాక్కుపోతాడని భయం. "నా పైసలు నాకియ్యుండ్రి, ఇటుక చెప్పొచ్చిన," అంది. పెట్టె తెరిచారు. పాత రుమాళ్లు, భజన తాళాల జత, కొన్ని చిల్లర నోట్లు ఉన్నాయి. ఆమె మూట లేదు.

భూమేష్‌ను అడిగారు. "బాపు ఇయ్యిమన్నకాడ ఇచ్చిన," అన్నాడు.

"ఎవలకు?"

"రుమాలు కిందిది చెప్ప."

ఆ మాట మీద నుంచి కదల్లేదు. స్కూటీ గుంజుకున్నారు. అతడు పనిచేసే హార్డ్‌వేర్ దుకాణం సేటుకు సంగతి తెలిసి, ఇక రావద్దన్నాడు. ఈ విచారణలన్నిటిలో త్రివేణి అతనికి ఎదురుగానే, కమిటీ వరుసలో కూర్చుంది. అతడు ఒక్కసారి కూడా ఆమె దిక్కు చూడలేదు. చూసి ఉంటే కొంత బాగుండేదేమో.

నోరు విప్పకపోవడానికి ఆమె తనకు తాను ఒక కారణం చెప్పుకుంది. చెబితే బాపు పేరు పోతుంది. ఒకరు దాచుకున్నది తీసి ఇంకొకరికి ఇచ్చాడంటే జనం ఏమంటారు? కారణం మంచిదే. కానీ ఆ మంచి కారణం వెనకాల ఎవరు దాక్కున్నారో ఆమెకు తెలుసు.

*

గురువారం మధ్యాహ్నం షెడ్డులో అందరూ కూర్చున్నారు. బాపు ఫోటోకు దండతో పాటు ఆయన చివరి రుమాలు కూడా వేలాడుతోంది. రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు పోయినప్పుడల్లా రేకులు చిన్నగా అదురుతున్నాయి. భూమేష్ బయట మెట్టు మీద కూర్చున్నాడు. లోపలికి రావొద్దన్నారు.

వంటలు చూసుకునే ఆశన్న గరిట పట్టుకునే వచ్చాడు. "తాళంచెవి నీ తాన ఉన్నది, పైసలు మాత్రం దేవునికాడికి వోయినయంటవ్. దేవుడేమన్న స్కూటీ మీద వచ్చి కొంచవోయిండారా?"

కొందరు నవ్వారు.

"నవ్వుడెందుకు," అంది హన్మవ్వ స్తంభానికి ఆనుకుని. "మీ పైసలు గావు గద. నీ పప్పుల ఉప్పు లేకుంటె నేను నవ్విన్నా ఆశన్నా?"

"ఉప్పు లేకుంటె నవ్వలే అవ్వా, బోకులు, గిన్నెలు ఇసిరేసినవ్," అన్నాడు ఆశన్న.

ఎర్రన్న చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "భూమేష్! ఆఖరిసారి అడుగుతున్న. ఎవలకిచ్చినవో చెప్పు. లేకుంటె ఈ కాయితం ఠాణాకు పోతది."

"పోనీ అన్నా," అన్నాడు భూమేష్, కాలువ వైపు చూస్తూనే.

"సూసిండ్రా మొండితనం! నేను సంతకం వెట్టిన. మేడం, మీరు గూడ వెట్టుండ్రి."

కాగితం చేతికి వచ్చింది. తన గుండ్రటి రాత. అంకెల్లో, అక్షరాల్లో, రూపాయలతో సహా పద్ధతిగా రాసిన నాలుగు లక్షలు. త్రివేణి పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టేసింది. లేచి ఫోటో దగ్గరకు వెళ్లి రుమాలు తీసింది.

"మేడం?" అన్నాడు ఎర్రన్న. "గా రుమాలు ముట్టద్దు గద."

ఆమె వెళ్లి హన్మవ్వ ఎదురుగా నేల మీద కూర్చుంది. ఇద్దరి మోకాళ్ల మీద రుమాలు పరిచింది. దాని కింద ముసలామె చెయ్యి వెతికి, నాలుగు వేళ్లు పట్టుకుంది.

హన్మవ్వకు ఏమీ అర్థం కాలేదు. కానీ ఏళ్ల తరబడి రుమాలు కింద చెయ్యి పెట్టిన మనిషి. చెవికి అలవాటైన మాట దానంతట అదే నోటికి వచ్చింది.

"ఎంతల్ల?"

షెడ్డులో అందరికీ వినపడేలా చెప్పింది త్రివేణి, "లక్షలల్ల అవ్వా."

హన్మవ్వ రుమాలు వైపు, తరువాత ఆమె ముఖం వైపు చూసింది.

"గవ్వి... నా పైసలా?" అంది హన్మవ్వ.

"నీయే. నాకే వచ్చినయ్. భూమేష్ తెచ్చిచ్చిండు, బాపు పంపితె."

ఎర్రన్న కుర్చీలోంచి లేచాడు. "ఏం మాట్లాడుతున్నవ్ మేడం? అవ్వ దాసుకున్నయి తీసి బాపు నీకెందుకిస్తడు?"

"నేను నాలుగు వేళ్లు వట్టిన అన్నా. ఎంతల్ల అని అడిగిండు. నేను చెప్పలే, ఏడ్పొచ్చింది. నాకు గావలసింది నలభై వేలే."

"ఎక్కువొచ్చినయని తెలుసు గద. మరి వాపస్ ఎందుకియ్యలే?"

బాపు దయ అనుకున్నాను అనవచ్చు. వేణు ప్రాణం మీదికి వచ్చింది అనవచ్చు. రెండూ నిజాలే. ఆ కాగితంలో రాసినవి కూడా నిజాలే కదా.

"ఇయ్యబుద్ధి కాలే," అంది.

"ఇన్ని దినాలు పోరన్ని దొంగను జేస్తిమి గదనే," అన్నాడు ఆశన్న. గరిట ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"బాపు గిట్ల జేసిండంటె ఎవడన్న ఇంకో రూపాయిస్తడా ఇక్కడ?" అన్నాడు ఎర్రన్న. ఆయన గొంతు మొదటిసారి చిన్నదైంది. "మందివి ఇంకెన్ని మూటలు గిట్ల పోయినయో..."

హన్మవ్వ ఇవేవీ వినలేదు. రుమాలు కింద ఆమె చెయ్యి ఇప్పుడు త్రివేణి మణికట్టు పట్టుకుని ఉంది.

"నీ మొగడు బతికిండా?"

"లేదవ్వా."

"మరి పైసలు?"

"ఆసుపత్రిల ఒడిసినయ్."

"నా ఇల్లు ఆసుపత్రిల వడ్డదన్నట్టు," అంది హన్మవ్వ. ఆ మాటలో కోపం లేదు, జాలి కూడా లేదు. ఏదో పోయిన వస్తువు ఎక్కడ పడిందో తెలుసుకున్న మనిషి మాట అది.

త్రివేణి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. హన్మవ్వ వదల్లేదు.

"యాడికి? బేరం గాలేదు." మూడు వేళ్లు గట్టిగా పట్టుకుంది.

ఈసారి అడగాల్సింది త్రివేణి. "ఎంతల్ల అవ్వా?"

"పదివేలల్ల. నెలకు."

అప్పుల కోతలు పోగా జీతంలో చేతికి వచ్చేది ఎంతో తలచుకుని, త్రివేణి ముసలామె వేలు ఒకటి పట్టుకుంది. హన్మవ్వ ఆ చేతిని విదిలించి, మళ్లీ మూడు పట్టుకుంది. కాసేపు రుమాలు కింద రెండు చేతులూ కొట్లాడుకున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు గుడ్డ కదలడం చూస్తున్నారు తప్ప, ఏమవుతోందో ఎవరికీ తెలియదు. చివరికి రెండు వేళ్ల దగ్గర చేతులు ఆగాయి.

"రెండు," అని హన్మవ్వ తనే పైకి చెప్పేసింది. "అందరు ఇనుండ్రి. పదివేలల్ల రెండు, నెల నెల. ఇగ రుమాలు కింద మాటలు నాకొద్దు. కాయితం రాయి బిడ్డా. బాపును నమ్మిన, బాపు వాయె. నిన్ను నమ్మ."

"నమ్మకు అవ్వా," అంది త్రివేణి.

భూమేష్ లోపలికి వచ్చాడు. ఎవరూ ఆపలేదు. ఎర్రన్న ఏదో అనబోయి, స్కూటీ తాళంచెవి జేబులోంచి తీసి ముందుకు చాపాడు. భూమేష్ అది తీసుకోకుండా త్రివేణి దగ్గరకు వచ్చి, ఆమె మోకాళ్ల మీది రుమాలు తీసుకున్నాడు.

"గిది జెప్పుడెందుకక్కా?" అన్నాడు మెల్లగా. "నన్ను దొంగ అన్నన్ని దినాలు నేనొక్కన్నే దొంగ. ఇగ బాపునంటరు."

"నువ్వు జైలుకు వోదువు భూమేష్."

"పోదును. గా దినం నేనక్కడనే ఉన్న. ఎంతల్ల అని ఆయన అడిగింది ఇన్న. నువ్వేం జెప్తవో అని నేను గూడ సూసిన." రుమాలు రెండుసార్లు దులిపి, మడతపెట్టి, ఫోటో మీద వేశాడు. తరువాత ఎర్రన్న చేతిలోంచి తాళంచెవి తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. భోజనానికి ఉండమని ఆశన్న పిలిచినా వెనక్కి తిరగలేదు.

అతడు క్షమిస్తాడని త్రివేణి అనుకోలేదు. కనీసం తేలికపడతాడేమో అనుకుంది. అది కూడా తన కోసమే అనుకుందని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"వేరే కాయితం తెప్పియ్యమంటరా?" అన్నాడు ఎర్రన్న.

"వద్దన్నా." ఫిర్యాదు కాగితాన్నే వెనక్కి తిప్పి, నేల మీదే రాయడం మొదలుపెట్టింది. తన పేరు, భర్త పేరు. భర్త పేరుకు ముందు కీర్తిశేషులు అని రాయడం ఆమెకింకా అలవాటు కాలేదు. ఒక అక్షరం దిద్దాల్సి వచ్చింది. తీసుకున్నది, నెలకు ఇవ్వవలసింది, అన్నీ అంకెల్లో, అక్షరాల్లో రాసింది.

"దేనికి తీసుకున్నరో గూడ రాయాలె మేడం," అన్నాడు ఎర్రన్న. "ఇగ మీద అన్ని గట్లనే రాయాలె."

పెన్ను ఆగింది. వైద్యానికి అంటే ఎవరూ కాదనరు. రాయబోయింది. అంబులెన్సులో వేణు అడిగిన మాట చెవిలో పడింది.

"రాయి," అంది హన్మవ్వ. "నా ఇల్లు యాడికి వోయిందో రాయి."

త్రివేణి రాసింది. ఎర్రన్న చదవడానికి చెయ్యి చాపాడు. హన్మవ్వ అడ్డం పడింది. "ఆమెనే సదవాలె. గట్టిగ సదవాలె. నాకు సదువు రాదు, ఇనుడొస్తది."

త్రివేణి నిలబడి మొదటి నుంచి చదివింది. పేర్ల దాకా గొంతు బాగానే ఉంది. మొత్తం దగ్గర కూడా ఆగలేదు, నాలుగు లక్షల రూపాయలు అని పూర్తిగా చదివింది. తరువాతి వాక్యం దగ్గర ఆగిపోయింది.

"నా భర్త ఇంటికి పోదామంటే హైదరాబాద్ తీసుకుపోవడానికి," అని ఉంది అక్కడ.

హన్మవ్వ తల వంచి, చెవి ఇటు తిప్పి వింటోంది.

త్రివేణి గొంతు సవరించుకుని, ఆ వాక్యాన్ని చివరి దాకా చదివింది.